ఇంటి సంతకం

ఉదయ్ ఉద్యోగం ఒక గురువారం ఉదయం తొమ్మిదీ పదిహేనుకి అస్తమించింది. మొత్తం పదిహేను నిమిషాల మీటింగ్. అందులో ఐదు నిమిషాలు అవతలి అమ్మాయి మైకు పనిచెయ్యలేదు. పనిచేసిన పది నిమిషాల్లో ఆమె చెప్పిందల్లా "మీ రోల్ ఇంపాక్ట్ అయింది" అని. తొమ్మిదేళ్ళు తల దూర్చిన రోలు అలా పోయింది, రోకటిపోట్లు మాత్రం మిగిలాయి. లేఆఫ్ అనే మాటలో తెలుగువాడికి ముందు వినపడేది "లే!" అన్నదే. ఉదయ్ లేచాడు. అట్టపెట్టెలో కాఫీ కప్పూ, చార్జరూ, ఎండిపోయిన మనీ ప్లాంటూ వేసుకుని శాంటా క్లారా నుంచి శాన్ రామన్ వైపు బయల్దేరాడు. రోజూ గంటన్నర పట్టే దారి ఆ రోజు నలభై నిమిషాల్లో అయిపోయింది. ఉద్యోగం పోయినందుకు రాని ఏడుపు, ట్రాఫిక్ లేనందుకు వచ్చింది.

ఇంటిముందు పోస్టు డబ్బాలో ఇంకో శుభవార్త కాచుక్కూర్చుంది. ఇమిగ్రేషన్ వాళ్ళ ఉత్తరం. ఉదయ్ పోయినేడాది ఇక్కడే తనతో ఉంటున్న తల్లిదండ్రులకి గ్రీన్ కార్డు కోసం దరఖాస్తు పెట్టాడు. వాళ్ళని పోషించే స్తోమత ఉందని చూపించడానికి తన జీతం కాగితాలూ జతచేశాడు. అవి పాతబడ్డాయట. ఇప్పుడు ఉద్యోగం ఇచ్చినవాళ్ళ దగ్గర్నుంచి తాజాగా ఒక లెటరూ, తాజా పే స్లిప్పులూ కావాలట. వచ్చే నెల ఇరవై ఎనిమిదో తారీకు లోపల అందకపోతే దరఖాస్తు కొట్టేస్తారట. ఉద్యోగం ఇచ్చినవాళ్ళు గంట కిందటే ఉద్యోగం పుచ్చుకున్నారు. పచ్చకార్డు పచ్చడయ్యే ముహూర్తం కుదిరింది.

దరఖాస్తు పోతే పోయింది, మళ్ళీ పెట్టుకుందాంలే అనుకోడానికి లేదు. ఉదయ్ తండ్రి లక్ష్మీనారాయణ గారు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఆయన లెక్కలో రసీదు చేతికొచ్చిందంటే పని అయిపోయినట్టే. గ్రీన్ కార్డు దరఖాస్తు ముట్టిందని అమెరికా ప్రభుత్వం రసీదు పంపగానే, కొడుక్కి ఒక్క మాట చెప్పకుండా తెనాలిలో ఉన్న ఒక్క ఫ్లాటూ ఫోన్ మీదే బేరం పెట్టి, తమ్ముడికి రాసిచ్చిన పవరాఫ్ అటార్నీతో అమ్మేయించారు. "అదేంటి నాన్నా, రసీదంటే కార్డు కాదు!" అని ఉదయ్ గోలపెడితే, "గవర్నమెంటు స్టాంపు పడ్డాక వెనక్కి పోదురా" అన్నారు. ఇప్పుడు గవర్నమెంటు వెనక్కి పొమ్మంటే పోవడానికి వాళ్ళకి గుమ్మం లేదు.

మర్నాడు ఉదయ్ లాయరమ్మకి ఫోన్ చేశాడు. ఇరవై రెండు నిమిషాలు పియానో వినిపించాక ఆవిడ వచ్చింది. విషయం విని, "మీ ఆవిడ పనిచేస్తారా?" అంది.

"చేస్తుంది. హాస్పిటల్ ల్యాబ్‌లో, పార్ట్ టైం."

"ఆవిడ జీతం మీ ఐదుగురికి సరిపోతుంది. ఒక ఫారం మీద సంతకం పెడితే చాలు. లేదంటే బయటివాళ్ళు ఎవరైనా, సిటిజనో గ్రీన్ కార్డు వాళ్ళో, తమ టాక్స్ రిటర్న్ ఇచ్చి హామీ సంతకం పెట్టొచ్చు. కానీ ఇంట్లోనే మనిషి ఉండగా..."

"బయటివాళ్ళ ఫారమే పంపండి."

"మీ ఆవిడ మీతోనే ఉంటున్నారు కదా?"

"మాతోనే ఉంటోంది. అదే ఇబ్బంది," అన్నాడు ఉదయ్.

లాయరమ్మ రెండు ఫారాలూ పంపింది. బిల్లు కూడా పంపింది.

ఆ ఇబ్బంది వయసు మూడేళ్ళు. ఉదయ్ భార్య జయంతిది హనుమకొండ. మూడేళ్ళ కిందట ఆమె సిటిజన్ అయిన వారమే తన అమ్మానాన్నల గ్రీన్ కార్డు ఫారాలు ప్రింట్ తీసి, పేర్లు రాసి, ఫొటోలు కూడా అంటించింది. ఉదయ్ వాటిని చూసి, "ఇద్దరివీ ఒకేసారి ఎందుకు? ముందు మావాళ్ళవి అవనీ, తర్వాత మీవాళ్ళవి. ఇంట్లో గదులు కూడా చూసుకోవాలిగా" అన్నాడు. అన్నాక రెండేళ్ళు తనవాళ్ళవి కూడా పెట్టలేదు, బద్ధకం. జయంతి ఫారాలు సొరుగులో ఉండిపోయాయి. పోయిన వేసవిలో ఆమె తల్లిదండ్రులు ఐదు నెలలకి వస్తే, కింది బెడ్రూంలో ఉదయ్ వాళ్ళమ్మా నాన్నా ఉన్నారు కాబట్టి, మేడమీద మెట్ల పక్కన ఖాళీ జాగాలో కర్టెన్ కట్టి గాలిపరుపు వేశారు. గాలిపరుపు రోజూ తెల్లారేసరికి గాలి తీసేసేది. జయంతి రోజూ మళ్ళీ గాలి కొట్టేది. ఉదయ్ ఏనాడూ కొట్టలేదు. ఇప్పుడు ఏ నోటితో వెళ్ళి, "మావాళ్ళకి నువ్వు జామీను ఉండు" అని అడగాలి? ఆ నోరు అతనికి రాలేదు.

నోరు రాని చోట కాళ్ళు వచ్చాయి. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఉదయ్ సంతకం కోసం ఊరు పట్టుకు తిరిగాడు.

మొదట కిరణ్‌కుమార్. పదహారేళ్ళ స్నేహం. కిరణ్ ఇల్లు మారిన మూడుసార్లూ ఫ్రిజ్ మోసింది ఉదయే.

"రేయ్, నీకోసం కిడ్నీ ఇస్తాన్రా!" అన్నాడు కిరణ్, విషయం వినకముందే.

"కిడ్నీ వద్దురా. టాక్స్ రిటర్న్ ఇవ్వు, చాలు."

"కిడ్నీలైతే రెండున్నాయి కదరా..." అని నసిగాడు కిరణ్. "టాక్స్ రిటర్న్ అంటే మా ఆవిడ నీహారికతో కలిపి ఉంటుంది. దాన్ని అడగాలి. దానికి మళ్ళీ ఎందుకు, ఏమిటి అని... నువ్వే అర్థం చేసుకో."

ఉదయ్‌కి అర్థమైంది. బే ఏరియా తెలుగువాడు తన ఇంటి ధర అడక్కుండానే చెబుతాడు. కొలెస్టరాల్ ఎంతో చెబుతాడు, పిల్లాడి మార్కులు చెబుతాడు, కూరలో ఉప్పెక్కువైన రోజు పెళ్ళాం ఏమందో కూడా చెబుతాడు. జీతం మాత్రం చెప్పడు. చెబితే ఎక్కువైనా పరువు పోతుంది, తక్కువైనా పరువు పోతుంది. అలాంటివాణ్ణి టాక్స్ రిటర్న్ బయటపెట్టమనడం అంటే నడిబజార్లో పంచె విప్పమనడమే.

తర్వాత రవిశంకర్. "మా టాక్స్ లెక్కలు చూసే సీపీఏని అడిగి చెప్తా" అన్నాడు. నాలుగు రోజులకి, "సీపీఏ వద్దన్నాడు బ్రదర్" అని మెసేజ్. ఉదయ్ చెవికి అది "ఛీ పో" అన్నట్టే వినిపించింది. ఇంకొకాయన స్పాన్సర్ అనగానే 'సర్' దగ్గరే సర్దుకున్నాడు. ఇంకొకాయన గంటసేపు ఇంటర్వ్యూ చేసి, మీ నాన్నగారికి షుగర్ ఉందా, బీపీ ఉందా అని అడిగి, ఆఖర్న తనకి గ్రీన్ కార్డే లేదన్నాడు.

పద్దెనిమిది రోజులు పోయాయి. నూట ఆరు ఉద్యోగాలకి అప్లై చేస్తే నూట మూడు చోట్ల కంప్యూటరే వద్దంది. ఇంట్లో కూతురి పేరు నిధి, ఉన్న నిధి అదొక్కటే. అమ్మ ఉమామహేశ్వరి పొద్దున్నే దేవుడి గూడు ముందు నిలబడి గట్టిగా, కొడుక్కి వినపడేలా, "మావాడికి మళ్ళీ ఉద్యోగం ఇప్పించు తండ్రీ" అని దణ్ణం పెట్టుకునేది. పక్కగదిలో ఇంటర్వ్యూలో ఉన్న ఉదయ్ మ్యూట్ బటన్ కోసం తడుముకునేవాడు. జయంతి తెల్లవారుజామునే వెళ్ళి సాయంత్రం ఐదింటికి వచ్చేది. వచ్చి వంట చేసేది, తినేది, ఏమీ అడిగేది కాదు. అడగనందుకు మొదట్లో ఊపిరి పీల్చుకున్న ఉదయ్‌కి, రాన్రానూ ఆ అడక్కపోవడమే ఊపిరాడకుండా చేసింది.

పంతొమ్మిదో రోజు సాయంత్రం లక్ష్మీనారాయణ గారు పార్కు నుంచి విజయం సాధించినవాడిలా వచ్చారు. మనవరాలు నిధి వెనకాలే వచ్చింది. పద్నాలుగేళ్ళది, నవ్వాపుకోలేక ఎర్రబడి ఉంది.

"నాన్నా, తాత పార్క్‌లో అందరితో సైన్ చేయించాడు," అంది. "లైక్, బర్త్‌డే కార్డ్ లాగా!"

లక్ష్మీనారాయణ గారు చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పరిచారు. పదకొండు సంతకాలు. ప్రతి సంతకం కిందా హోదా. రిటైర్డ్ డిప్యూటీ ఇంజనీర్, ఇరిగేషన్. రిటైర్డ్ హెడ్మాస్టర్, జిల్లా పరిషత్. రిటైర్డ్ బ్రాంచి మేనేజర్. ఒకాయన అలవాటు కొద్దీ ఆకుపచ్చ సిరాతో పెట్టాడు.

"నువ్వు ఒక్క సంతకానికి ఇన్నాళ్ళు తిరుగుతున్నావు. నేను ఒక్క పూటలో పదకొండు తెచ్చాను. అందరూ గెజిటెడ్ స్థాయి వాళ్ళే. ఇందులో ఏడుగురికి కార్డు కూడా ఉంది," అన్నారు ఆయన. "మా ఆఫీసులో ఇద్దరు సాక్షులుంటే ఎకరాలకెకరాలే చేతులు మారేవి. పదకొండంటే తిరుగేముంది?"

ఉదయ్‌కి నెత్తి మీద ఏదో పేలింది. "నాన్నా! వాళ్ళు సాక్షులు కాదు! వాళ్ళకి జీతాల్లేవు! వాళ్ళంతా కొడుకుల ఇళ్ళలో ఉంటున్నవాళ్ళు! మీలాంటి పదకొండు మందిని తీసుకొచ్చి మీకు జామీను పెడితే, రేపు ఆ పదకొండు మందికి జామీను ఎవడు పెడతాడు? పైగా ఇప్పుడు మనకి ఉద్యోగం పోయిందనీ సంతకం దొరకడం లేదనీ పార్కంతా తెలిసింది. పార్కుకి తెలిస్తే పక్కనున్న డబ్లిన్‌కి తెలుస్తుంది, ప్లెజంటన్‌కి తెలుస్తుంది, రాత్రికల్లా గుంటూరుకి తెలుస్తుంది!"

"అరవకురా. కాగితం సరైంది కాకపోతే సరైన కాగితం ఏదో చూపించు."

ఉదయ్ విసురుగా వెళ్ళి లాయరమ్మ పంపిన కట్ట తెచ్చి ఆయన ముందు పడేశాడు. కోపంలో రెండు ఫారాలూ తెచ్చేశాడు. లక్ష్మీనారాయణ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. నిధి పెన్సిల్ బాక్సులోంచి స్కేలు తీసుకున్నారు. దస్తావేజు చదివే అలవాటు, ఒక్కో వరుస కింద స్కేలు పెట్టి, పెదాలు కదుపుతూ ఇంగ్లీషు చదువుకుంటూ పోయారు. రెండో ఫారం కూడా ఇచ్చేశానని ఉదయ్‌కి అప్పుడు తెలిసింది గానీ, తండ్రి చేతిలోంచి కాగితం లాక్కోవడం చిన్నప్పటి నుంచీ చేతకాదు.

స్కేలు రెండో ఫారం నాలుగో వరుస దగ్గర ఆగింది.

"ఒరేయ్. ఇందులో ఒకే ఇంట్లో ఉండే కుటుంబ సభ్యులు అంటున్నాడే. సంపాదన ఉన్నవాళ్ళు. అంటే... అమ్మాయే కదా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. ఉమామహేశ్వరి గుమ్మంలోకి వచ్చింది. "ఏ అమ్మాయి?"

"మన కోడలే. సంతకం ఇంట్లోనే ఉందిటే! వీడు ఊరంతా ఎందుకు తిరుగుతున్నాడో నాకర్థం కాలేదు."

"నాకర్థమైంది," అంది ఉమామహేశ్వరి. "కోడలి జామీను మీద బతకమంటావా నన్ను? రేపు పప్పులో ఉప్పు తగ్గిందని ఒక మాట అనాలంటే ఆ కాగితం గుర్తు రాదూ? వద్దురా అబ్బాయ్. నేను గుంటూరు పోయి మా చెల్లెలింట్లో ఉంటాను."

"పిన్ని వాళ్ళది వన్ బెడ్రూం అమ్మా!"

"మీ ఆవిడ వాళ్ళమ్మ కర్టెన్ వెనకాల పడుకోలేదూ? నేనూ పడుకుంటా."

ఆ మాట అన్నది వెటకారానికో, నిజంగానో ఆవిడకే తెలియలేదు. అని, నోరు మూసుకుంది. ఎందుకంటే గరాజ్ తలుపు దగ్గర జయంతి నిలబడి ఉంది. భుజాన బ్యాగు, చేతిలో ఖాళీ లంచ్ డబ్బా. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

జయంతి డబ్బా సింకులో పెట్టింది. చేతులు కడుక్కుంది. బల్ల దగ్గరికొచ్చి, పదకొండు సంతకాల కాగితం చూసి, పక్కకి జరిపి, రెండో ఫారం తీసుకుంది.

"ఇదేనా?" అంది.

"నీకు... ముందే తెలుసా?" అన్నాడు ఉదయ్.

"ఉత్తరం వచ్చిన రోజే సూసిన. కౌంటర్ మీద పెట్టి పోయినవ్. ఆన్‌లైన్‌ల సదువుకున్న. ఇయ్యాల్టికి పంతొమ్మిది దినాలు. ఇయ్యాల అడుగుతడు, రేపు అడుగుతడు అని సూస్తున్న." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది ఉదయ్‌కి. "మొన్న నీహారిక ఫోన్ చేసింది. 'ఏం జయంతీ, అత్తమామలకి సంతకం పెట్టనన్నవంట కదా, పాపం ఉదయ్ అందరినీ అడుక్కుంటున్నడు' అన్నది. నేనెప్పుడు పెట్టనన్న, ఉదయ్? నన్నడిగితే కద నేను పెట్టనన్నది!"

"అలా అని నేనెవరికీ చెప్పలేదు..."

"చెప్పక్కర్లే. ఇంట్ల జీతం వచ్చే పెండ్లాం ఉండంగ బయట అడిగితే ఎవరైనా గదే అనుకుంటరు."

ఉమామహేశ్వరి కొంగుతో చెయ్యి తుడుచుకుంది. చెయ్యి పొడిగానే ఉంది. నిధి మెల్లగా పైకి జారుకుంది.

"సరే. ఇప్పుడు అడుగుతున్నా," అన్నాడు ఉదయ్. "పెట్టు జయంతీ. ప్లీజ్."

జయంతి కుర్చీ లాక్కుని కూర్చుంది. "దీంట్ల ఏమున్నదో నీకు తెల్సా? విడాకులు తీసుకున్నా ఈ హామీ పోదు. అంటే మొగుడు పోయినా అత్తమ్మ పోదు."

లక్ష్మీనారాయణ గారికి నవ్వొచ్చింది. ఎవరూ నవ్వకపోయేసరికి దాన్ని దగ్గుగా మార్చుకున్నారు.

"దానికి నాకేం భయం లేదు," అంది జయంతి. "అత్తమ్మ ఇక్కడనే ఉండాలె. గాని లెక్క ఇంకొకటున్నది. నా జీతం ఐదుగురికే సరిపోతది. ఏడుగురికి సాలదు. ఈడ నేను సంతకం పెడితే, నీకు ఉద్యోగం దొరికి కొత్త స్లిప్పులు వచ్చేదాంక మా అమ్మానాన్నలకు పెట్టనీకి నాకు జాగ లేదు. నిరుడు పెట్టుంటే ఇద్దరివీ అయిపోతుండె."

నిరుడు ఉదయ్‌కి ఉద్యోగం ఉంది. ఉన్నప్పుడు బద్ధకం కూడా ఉంది.

"మా అమ్మ ప్రతి ఆదివారం అడుగుతది, 'బిడ్డా, మా నంబర్ ఎక్కడిదాంక వచ్చింది?' అని. ఆమెకు నువ్వే కద చెప్పినవు, మూడేండ్ల కింద, ఫోన్‌ల? 'మీవి కూడా వేసేశాం అత్తయ్యా, లైన్‌లో ఉన్నాయి' అని. నేను పక్కనే ఉన్న. కాదు, వెయ్యలేదు అని అప్పుడు అనలేకపోయిన. అప్పటి సంది వారం వారం నేనే అబద్ధం చెప్తున్న. వస్తది, వస్తది, అని. ఏది వస్తది?"

ఉమామహేశ్వరి కొడుకు మొహంలోకి చూసింది. "వేశావనేగా నాకూ చెప్పావు?"

"అమ్మా, అదీ..."

"అసలు వెయ్యనే లేదా?"

ఉదయ్ గోడవైపు చూశాడు. కంపెనీలో తొమ్మిదేళ్ళు ప్రతి సోమవారం "ఇన్ ప్రోగ్రెస్" అని స్టేటస్ చెప్పి తప్పించుకున్నవాడు, అదే స్టేటస్ అత్తగారికీ చెప్పాడు. అక్కడ కనీసం అడిగేవాళ్ళకి అబద్ధమని తెలుసు.

జయంతి తన ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. పక్కనే పెన్ను పెట్టింది. "సంతకం పెడత. పెట్టనని అనను. గాని వాళ్ళ జాగ మనం తీసుకుంటున్నమని వాళ్ళకు నేను చెప్ప. నువ్వు చెప్పాలె."

"ఇప్పుడా? అక్కడ టైమెంత?"

"ఆరున్నర. లేచే ఉంటది."

ఉదయ్ పద్దెనిమిది రోజులుగా ఎంతోమందికి ఫోన్లు చేశాడు. ఈ నంబరుకి మాత్రం చెయ్యలేదు, ఇప్పుడు నొక్కాడు. రెండు రింగులకే ఎత్తింది అవతల.

"ఏం బిడ్డా, ఇయ్యాల ఆదివారం కాదు కద?"

"అత్తయ్యా, నేను. ఉదయ్‌ని."

"ఓ, బాబూ! మంచిగున్నరా? వదినగారు మంచిగున్నరా? మా పేపర్లు ఏమన్న కదిలినయా ఏంది? మీ మామయ్య నిన్ననే అంటుండె, పాస్‌పోర్ట్ రెన్యువల్ చేపియ్యాల్నా అని."

ఉదయ్ జయంతి వైపు చూశాడు. ఆమె ఫారం వైపు చూస్తోంది.

"అత్తయ్యా, మీ పేపర్లు... వెయ్యలేదు."

"ఈ ఏడు వెయ్యలేదా?"

"ఎప్పుడూ వెయ్యలేదు. అప్పుడు నేను వేశానని చెప్పింది అబద్ధం. ఇప్పుడు నాకు ఉద్యోగం పోయింది. మా అమ్మానాన్నల దాని మీద జయంతి సంతకం పెట్టాల్సి వస్తోంది. అది పెడితే మీవి ఇంకా ఆలస్యమవుతాయి. ఎంతకాలమో చెప్పలేను. జయంతి తప్పు ఏమీ లేదు. నాదే."

ఇంత పొడుగు నిజం అతను ఒక్క ఊపిరిలో ఎప్పుడూ చెప్పలేదు. అవతల ప్రెషర్ కుక్కర్ ఒకసారి కూసింది.

"ఉద్యోగం పోయిందా బాబూ," అంది ఆవిడ చివరికి. "జయంతి చెప్పనే లేదు." తర్వాత, "నల్లా నీళ్ళు వచ్చే యాళ్ళయింది. మళ్ళ మాట్లాడత," అని పెట్టేసింది.

జయంతి పెన్ను మూత తీసి సంతకం పెట్టింది. తారీకు వేసింది. ఫారం ఉదయ్‌కి ఇవ్వలేదు, అత్తగారి వైపు తిప్పింది.

"అత్తమ్మా, మీ పేరు స్పెల్లింగ్ కరెక్టున్నదా చూడుండ్రి. పెద్ద పేరు, ఒక్క అక్షరం తప్పున్నా వాపస్ పంపుతరు."

ఉమామహేశ్వరి భర్త కళ్ళజోడు తీసుకుని పెట్టుకుంది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ చాలాసేపు చూసింది. "సరిగ్గానే ఉందమ్మా," అంది. కాగితం వదలకుండా, "మీ అమ్మకి మళ్ళీ ఎప్పుడు చేస్తావు? అప్పుడు ఫోను నాకోసారి ఇయ్యి. నేనూ మాట్లాడాలి," అంది.

"చూస్త," అంది జయంతి.

లక్ష్మీనారాయణ గారు పదకొండు సంతకాల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నారు. ఉదయ్ ఫారం కవర్లో పెట్టి అంటించాడు. కవర్ అంటుకోలేదు, మళ్ళీ అంటించాడు. ఈలోగా జయంతి ఫోన్ తీసుకుని మెట్లెక్కింది. పైన తలుపు పడింది.

ఉదయ్ ఆమె వెనకే బయల్దేరి సగం మెట్ల దగ్గర ఆగిపోయాడు. లోపల్నుంచి "అమ్మా" అనడం వినపడింది. తర్వాత ఏమంటోందో వినపడలేదు. పైకి వెళ్ళాలో కిందికి దిగాలో తెలియక, చేతిలో కవరుతో అక్కడే, మెట్టు మీద కూలబడ్డాడు.